ఇక

మునిచంద్రికలో చివరి ‘ఇక’ను కొట్టేస్తివి,
ఇక చాలు అన్నట్టు.
ఆధార్ కార్డులో మారేదానికి రెండేండ్లు పట్టె.
నా నోట్లో ఇంకా మారతానే ఉండాది.

మొన్న గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందర
నలభై ట్రాక్టర్లు వరసలో నిలబడుంటే
తోతాపురి కాయల మింద గోతం పరుచుకోని
నలుగురు మొగోళ్లతో పేకాడతా ఉంటివి.
“ఏమ్మే, తింటివా?” అని అరిచేసినా.
నాలుగు తలకాయలు తిరిగె.
నువ్వు ముక్క దించి, తలెత్తకుండానే,
“ఆమెకు ఎద్దయినా మే, మొగుడైనా మే” అంటివి.
అందరూ నవ్విరి. నేనూ నవ్వితి.
షిఫ్టులో తెల్లార్లూ కాయలు కోస్తా
నాలిక కొరుక్కుంటానే ఉంటి.

బస్సు వచ్చింది అంటాం. వాన వచ్చింది, కరెంటు వచ్చింది.
నువ్వూ నేనూ ఆ లెక్కలోనే వచ్చేది, పోయేది.
నువ్వు ‘వచ్చినాడు’ అయ్యేదాకా
నాకిది తట్టనే లేదు.
ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిల్నా
వానతో, కరెంటుతో.

పోయిన నెల రుయాకు పోతిమే, నీ చెకప్పుకు,
నాకు ఆడోళ్ల ఫ్రీ టికెట్టు చించిచ్చి
కండక్టరు నీ తట్టు చెయ్యి చాపె, “డబ్బులు, సార్.”
టికెట్టుకు అంత సంబరంగా దుడ్లిచ్చినోళ్లని
నేను యాడా చూళ్లేదు.
చిల్లర కూడా అడగలా నువ్వు.
ముందర సీట్లో నేను, వెనకాల కడ్డీ పట్టుకోని నువ్వు.
పూతలపట్టు దాటినాక ఫోను మోగె. చూస్తే నువ్వే.
ఒకే బస్సులో, చంద్రగిరి కోట కనపడేదాకా
ఫోన్లో మాట్లాడుకుంటా పోతిమి.
హైస్కూలుకు ఒకే సీట్లో ఇరుక్కోని పోయే దినాల్లో
ఇన్ని మాటలు ఉన్నెట్టు గుర్తులేదు.

ఒకే చాపలో పండుకున్నోళ్లం.
నీ ఒళ్లో తల పెడితే పేలు కుక్కేదానివి,
కుక్కేవాడివి,
ఎట్ల చెప్పేది? ఆ పేలకు తెలుసా?

మా ఆయన, ముందంతా నువ్వొస్తే
లేచి చొక్కా తొడుక్కునేవాడు.
ఇప్పుడు బనీనుతోనే కూర్చోని మామిడి రేటు మాట్లాడతాడు.
గెజిట్టు కంటే గట్టి కాయితం అది.
మా అత్త మాత్రం వక్కాకు నమిలేది ఆపి
“ఆ అబ్బోడు ఎవురు మే, ఊరికూరికే వస్తాండాడు?” అనె.
ఫ్రెండు అంటిని.
పదైదేండ్లుగా అదే మాట.
ఆ పొద్దు మాత్రం ఇల్లంతా వినపడె.

ఇంకోటి చెప్పాల.
ఆ మధ్య నీకు కాఫీ ఇస్తా
నాకు తెలీకుండానే పైట సర్దుకున్నా.
నువ్వు చూస్తివి.
చూసి, గ్లాసు తట్టు తిరిగి
“చక్కెర సరిపోయింది” అంటివి.
చక్కెర వెయ్యనే లేదు నేను.

ఈ రాత్రి మళ్లీ గేటు కాడ.
కిలో నాలుగు రూపాయలంట, అదీ తీసుకుంటే.
రాగి సంగటి, ఊరిబిండి తెస్తి.
తిని, కాయల మిందనే నిద్రపోతివి
గడ్డం కింద చెయ్యి పెట్టుకోని.
గడ్డం ఇంకా పలచనే, ఎండకాలం గడ్డి మాదిరి.
రెండు గంటలప్పుడు ముందర బండి కదిలె.
“ఒరేయ్! లైను కదల్తాండాది రా!”

ఐదుగురు లేచిరి.
ఎవురి బండికి వాళ్లు ఉరికిరి, నువ్వూ ఉరికితివి.

క్యారియర్ మూత ఒకటి నీ ట్రాలీలోనే పడి ఉండాది.
రేపు తెచ్చియ్యి.
మా అత్త లెక్క పెడతాది.